ఈల తీసిన కుక్కర్

ముందు మూతలోంచి రబ్బరు తీసేయాలి.
తర్వాత విజిల్.
ఈ రెండో పని దగ్గర
నా చెయ్యి ప్రతిసారీ కాస్త ఆగుతుంది.
ముప్పై నాలుగేళ్లు గూడ్సు బండికి గార్డుని,
ఈల లేకుండా గుమ్మం దాటినవాణ్ణి కాను.

అడుగున రెండు గ్లాసుల ఇసక.
యారాడ నుంచి సంచిలో తెచ్చింది.
ఏడు నీళ్లు కడిగినా, వేడెక్కగానే
ఇంకా సముద్రం వాసనే.
"అదేటి, కేకు చేస్తన్నారా, నెత్తళ్లు ఎండబెడతన్నారా?"
చెప్పులు విప్పుతూ హైమావతి.
కేజీహెచ్‌లో డ్రెస్సింగు గది తనది,
రిటైరవ్వడానికి ఇంకా రెండేళ్లుంది.
అన్నాళ్లూ నేను బండి చివర,
తను పొయ్యి ముందర.
మొన్న సంక్షిప్తంగా చార్జి అప్పజెప్పింది:
"గ్యాసు కట్టడం మరిచిపోకండి."

మైదా గ్లాసున్నర.
అంచు విరిగిన టీ గ్లాసే కావాలి,
మరోదానితో కొలిస్తే నాకు లెక్క కుదరదు.
అనకాపల్లి బెల్లం రోకలితో కొట్టి
కాసిన్ని నీళ్లలో కరిగించి వడగట్టాలి,
లేదంటే పంటికింద చెరకు పీచు.
ఒకసారి చీమ.
పూర్ణా మార్కెట్లో చీకటిపడ్డాక
ఎవరూ ముట్టని నల్లమచ్చల అరటిపళ్లు
రాజులమ్మ ఊరికే ఇచ్చేస్తుంది,
"బాబూ, ఇవి మీకు తప్ప ఇంకెవరికీ పనికిరావు" అంటూ.
అందులో కొంచెం నా గురించి కూడా ఉందేమో.
గుడ్లు రెండు, వేరుశెనగ నూనె, యాలకులు.
వంటసోడా చిటికెడంటే చిటికెడే.
మొదటిసారి చెంచాడు వేశాను;
ఆ కేకుని పిట్టగోడ మీద కాకి
వాసన చూసి ఎగిరిపోయింది.

పిండి ఒకే వైపు తిప్పాలంటారు.
నేను రెండు వైపులా తిప్పుతాను.
కొత్తవలస నుంచి కిరండూలు,
కిరండూలు నుంచి కొత్తవలస.

సన్న సెగ. ముప్పావుగంట.
కూత లేదు గనక చెవులతో పని లేదు,
ముక్కే సిగ్నలు.
కానీ కంచరపాలెంలో ఇల్లు పెట్టుకుని
చెవులు మూసుకోమంటే ఎలా?
పోయినవారం గేటు దగ్గర బండేదో కూసింది.
నేను ఉలిక్కిపడి మూత తీశాను.
కేకు నడుమ కుంగిపోయింది,
వానకి గట్టు జారినట్టు.

అందుకే ఈసారి చేతులకి వేరే పని పెట్టాను.
దోసకాయ కోసి
ఆవాలు మెత్తగా నూరి
నిమ్మరసం, ఉప్పు, బెల్లం తురుము, నూనె
పాత హార్లిక్సు సీసాలో పోసి గిలక్కొట్టడం.
మేడమీద కుందన ఇంటరు పుస్తకంతో దిగి
"దీన్ని డ్రెస్సింగంటారు తాతగారూ" అంది.
హైమావతి కుర్చీలోంచే పకపకా నవ్వింది.
"పొద్దుట్నించీ పదిహేడు డ్రెస్సింగులు చేసొచ్చాను తల్లీ,
ఒక్కదానికీ ఇంత ఘాటు లేదు."
నవ్వి, మధ్యలో ఆపేసింది.
పదిహేడోది ఎవరిదో చెప్పలేదు.
నేను అడగలేదు.
సీసా మూత తీసి అందరి ముందూ పెట్టాను,
ఆవ ఘాటుకి ముగ్గురికీ కళ్లు చెమర్చాయి,
ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేకుండా.

కేకు బాగానే పొంగింది.
చీపురు పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది.
కుందనకి మెత్తటి నడిమి ముక్క.
హైమావతికి అడుగున మాడిన చెక్కే ఇష్టం,
పెరుగన్నంలో మాగాయ నంజుకున్నట్టు
చిన్నచిన్నగా కొరికి
రెండోది కూడా తీసుకుంది.
బాగుందని అనలేదు.
మా ఇంట్లో ఆ మాట ఎవరం అనుకోం.

తెల్లారి పప్పు పెడదామంటే విజిల్ లేదు.
గట్టు మీద, సింకులో, ఇసక డబ్బాలో,
పొయ్యి కింద వెతికాను.
యూనిఫారం చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చి
నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి తీసి
కుక్కర్ మీద పెట్టింది హైమావతి.
"మూడు కూతలకి కట్టేయండి" అని
బస్సుకి వెళ్లిపోయింది.